దగ్గమంటేనే బయటపడే నొప్పి: ఛాతీ ఆపరేషన్ తర్వాత ఏ సూది, ఎక్కడ, ఎందుకు

ఛాతీ ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున మంచం దగ్గరికి వెళ్లి "నొప్పి ఎట్లుంది?" అని అడిగితే చాలామంది "పర్వాలేదు సార్" అంటారు. కదలకుండా, సగం ఊపిరితో పడుకున్న మనిషి చెప్పే మాట అది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. "ఒక్కసారి గట్టిగా దగ్గండి" అని అడగాలి. మన చిత్తూరు ప్రాంతంలో పలమనేరు, పుంగనూరు వైపు మనుషులైతే అప్పుడు ఉన్నమాట చెప్పేస్తారు: "దగ్గితే పానం పోతా ఉండాది సార్." ఇంకొందరు ఆ మాట కూడా అనరు. దగ్గు గొంతు దాకా వచ్చాక పళ్లు బిగించి ఆపేస్తారు.

ఆ ఆపేసిన దగ్గే అసలు సమస్య. కాలికి ఆపరేషన్ అయితే కాలు కదపకుండా కొన్నాళ్లు నొప్పిని తప్పించుకోవచ్చు. పక్కటెముకలకు ఆ వీలు లేదు. నిద్రలో కూడా నిమిషానికి పన్నెండు పదిహేను సార్లు అవి లేచి పడుతూనే ఉంటాయి. నొప్పికి జడిసి మనిషి పైపైన ఊపిరి తీసుకుంటాడు. అప్పుడు ఊపిరితిత్తి అడుగు భాగం విచ్చుకోదు, ముడుచుకుపోతుంది. దగ్గకపోతే తెమడ లోపలే నిలవ ఉంటుంది. అందులో ఇన్ఫెక్షన్ చేరితే నిమోనియా, మన పెద్దవాళ్లు నెమ్ము అనేది. అప్పటికే ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసిన మనిషికి ఇది మామూలు కష్టం కాదు. కాబట్టి ఇక్కడ నొప్పి తగ్గించడం సుఖం కోసం చేసే అదనపు సేవ కాదు, చికిత్సలో భాగమే.

మరి గట్టి మందు ఇచ్చేస్తే సరిపోదా? మార్ఫిన్ ఉంది, ఫెంటనిల్ ఉంది. నొప్పి తగ్గించడంలో వాటికి తిరుగులేదు. కానీ అవి మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని కూడా నెమ్మదింపజేస్తాయి. లోతుగా ఊపిరి తీయాలని మందు ఇస్తే, ఆ మందే ఊపిరిని తగ్గిస్తుంది. మగత, వాంతులు, మలబద్ధకం, దురద అదనం. పైగా మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడమే చాలాకాలం గగనమైంది. 2014లో చట్టం సవరించాక ఆసుపత్రులకు అనుమతులు సులువయ్యాయి. అయినా వార్డులో మార్ఫిన్ అంటే నర్సు దగ్గర్నుంచి బంధువు దాకా అందరికీ టెన్షనే. ఆ భయం కొంత న్యాయమైనదే, కొంత అతి.

అందుకే మొత్తం మెదడును మగతలోకి నెట్టకుండా, నొప్పి కబురు మోసుకెళ్లే నరాన్నే దారిలో మొద్దుబార్చడం మేలనే ఆలోచన వచ్చింది. దీన్నే రీజినల్ అనస్థీషియా అంటారు. ఛాతీ విషయంలో ఇది కొత్త సంగతేమీ కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానటోరియం పేరు మన వైపు తెలియనివాళ్లు తక్కువ. క్షయకు మందుల్లేని రోజుల్లో ప్రపంచవ్యాప్తంగా పక్కటెముకలు కోసి ఊపిరితిత్తిని అణిచే ఆపరేషన్లు చేసేవారు. తెమడతో నిండిన ఊపిరితిత్తికి మత్తు కోసం ఈథర్ పట్టడం ప్రమాదమని, చాలాచోట్ల పక్కటెముకల నరాలను మొద్దుబార్చే ఆ ఆపరేషన్లు కానిచ్చేవారు. తర్వాత జనరల్ అనస్థీషియా మెరుగుపడి ఈ విద్య కొంత మరుగున పడింది. అల్ట్రాసౌండ్ వచ్చాక మళ్లీ ముందుకొచ్చింది. ఎంతగా వచ్చిందంటే, గత పది పదిహేనేళ్లలో పుట్టిన బ్లాకుల, అంటే నరాన్ని మొద్దుబార్చే సూదుల, పేర్లు గుర్తుపెట్టుకోవడం మత్తు డాక్టర్లకే కష్టంగా ఉంది. రోగికి ఎలా అర్థం కావాలి?

పేర్లు పక్కనపెట్టి ఒక్క నరం దారి పట్టుకుంటే అన్నీ అర్థమవుతాయి.

ఒక్క నరం వెంట

వెన్నెముకలో ఛాతీ భాగానికి 12 పూసలు ఉంటాయి. ఒక్కో పూస దగ్గర కుడికొకటి, ఎడమకొకటి నరం బయటికి వస్తుంది. రాగానే రెండుగా చీలుతుంది. చిన్న కొమ్మ వెనక్కి తిరిగి వీపు కండరాలకు, వీపు చర్మానికి వెళ్తుంది. పెద్ద కొమ్మ పక్కటెముక కింది అంచును అంటిపెట్టుకుని, ఒక రక్తసిర, ఒక ధమని తోడుగా ముందుకు సాగుతుంది. చంక కింద గీత గీస్తే ఆ గీత దరిదాపుల్లో పక్క చర్మానికి ఒక కొమ్మ ఇస్తుంది. చివరికి రొమ్ముఎముక పక్కన పైకి తేలి ముందు చర్మంలో ముగుస్తుంది. నాలుగో నరం చనుమొన వరుసకు, ఆరోది రొమ్ముఎముక చివరకు, పదోది బొడ్డు దగ్గరకు చేరుతుంది. ఊపిరితిత్తి ఆపరేషన్‌కు పెట్టే కోత సాధారణంగా నాలుగు, ఐదు, ఆరు నరాల పరిధిలో ఉంటుంది. ఛాతీలో చేరే గాలి, నీరు బయటికి పోవడానికి పెట్టే ట్యూబు ఇంకొంచెం కిందికి, ఏడు ఎనిమిది దగ్గర.

చెరువు కింద సేద్యం చూసిన మన జిల్లా వాళ్లకు మిగతాది సులువు. తూము మూస్తే ఆయకట్టు అంతటికీ నీళ్లు ఆగుతాయి. పిల్లకాలువ మొదట్లో అడ్డుకడితే ఒక పక్క పొలాలకే ఆగుతాయి. కయ్య గట్టున మడవ మూస్తే ఆ ఒక్క కయ్యకే. కింద ఒక్కొక్కటిగా చెప్పబోయే సూదుల్లో ఎపిడ్యూరల్ తూము దగ్గర చేసే పని. పారావెర్టిబ్రల్ బ్లాక్ కాలువ మొదట్లో కట్టే అడ్డుకట్ట. సెరేటస్, పారాస్టెర్నల్ లాంటివి మడవలు. ఎంత పైన ఆపితే అంత ఎక్కువ నొప్పి ఆగుతుంది, నొప్పితో సంబంధం లేనివీ అంత ఎక్కువ ఆగుతాయి. ఈ రెండో ముక్క మరిచిపోతే "అన్నిటికన్నా గట్టి సూదే ఇవ్వండి" అనే మాట వస్తుంది.

ఎపిడ్యూరల్: గట్టిది, గారాబమూ ఎక్కువే

వెన్నుపామును కప్పి ఉంచే పొర బయట సన్నని ఖాళీ ఉంటుంది. భుజపుటెముకల మధ్య స్థాయిలో సూదితో అక్కడికి చేరి, దారం లాంటి సన్నని గొట్టం (కాథెటర్) వదిలి, సూది తీసేస్తారు. కాథెటర్‌ను పంపుకు కలిపి రెండు మూడు రోజులు, అవసరమైతే ఇంకాస్త ఎక్కువ, మందు సన్నగా ఎక్కిస్తారు. సాధారణంగా నరాన్ని మొద్దుబార్చే బుపివకైన్ అనే మందు 0.1 లేదా 0.125 శాతం, దాంట్లో కొద్దిగా ఫెంటనిల్.

"సిజేరియన్‌కు నడుంలో ఇస్తారే, అదేనా?" అని అడిగేవాళ్లు చాలామంది. అది కాదు. మన దగ్గర సిజేరియన్‌కు ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. పొర లోపలికి, నడుం కింది భాగంలో, ఒక్కసారి ఇచ్చి సూది తీసేస్తారు, కాళ్లు పూర్తిగా చచ్చుబడతాయి. ఇది పైభాగంలో, పొర బయట, కాథెటర్‌తో. పలచని మందు కాబట్టి మనిషి లేచి కూర్చోవచ్చు, సాయంతో నడవచ్చు. ఇంకో భయం కూడా ఉంది: "వెన్నులో సూది వేయించుకుంటే జీవితాంతం నడుం నొప్పి." సూది దిగినచోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పిని ఎపిడ్యూరల్‌కు అంటగట్టే ఆధారాలు మాత్రం లేవు.

పక్కటెముకలు వెడల్పు చేసి చేసే పెద్ద కోతకు, అంటే థొరాకోటమీకి, దశాబ్దాల పాటు ఎపిడ్యూరలే కొలమానం. సరైన చోట పడితే దాని పనితనం చూసి తీరాలి: కోత పెట్టిన మర్నాడే మనిషి కూర్చుని ఇడ్లీ తింటూ దగ్గుతాడు. కానీ ఛాతీ స్థాయిలో పూసల వెనక కొసలు కిందికి ఏటవాలుగా వాలి ఉంటాయి, సూదికి దారి ఇరుకు. వేసిన ప్రతిదీ పనిచేయదు. ఒక పక్కే పట్టడం, కాథెటర్ జరగడం లాంటివి జరుగుతూనే ఉంటాయి. పనిచేసినప్పుడు కూడా నొప్పి నరాలతో పాటు రక్తనాళాలను బిగించి ఉంచే సింపథెటిక్ నరాలు మొద్దుబారతాయి. బీపీ పడిపోతుంది. బీపీ పెంచడానికి సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే, ఆపరేషన్ అయిన ఊపిరితిత్తికి ఆ నీరు మంచిది కాదు. మూత్రం ఆగిపోవచ్చు, దురద రావచ్చు.

అరుదుగా వచ్చేదైనా అందరూ భయపడేది వెన్నులో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డ వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. గంటల్లో కనిపెట్టి ఆపరేషన్ చేస్తేనే తిరిగి వచ్చే అవకాశం. అందుకే ఎపిడ్యూరల్ ఉన్న మనిషికి హఠాత్తుగా కాళ్లలో బలం తగ్గినా, వీపులో కొత్తగా గట్టి నొప్పి మొదలైనా, "మందు ప్రభావమేలే" అనుకోకుండా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

రక్తం పలచబడే మాత్రల గోల ఇక్కడే వస్తుంది. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే సాధారణంగా అడ్డు కాదు. క్లోపిడోగ్రెల్ అయితే ఎపిడ్యూరల్‌కు 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసే హెపారిన్ రకం సూదులకు, నివారణ మోతాదైతే 12 గంటలు, చికిత్స మోతాదైతే 24 గంటల ఎడం పాటిస్తారు. కాథెటర్ పెట్టేటప్పుడే కాదు, తీసేటప్పుడు కూడా ఈ లెక్క చూస్తారు. అలాగని స్టెంట్ ఉన్న మనిషి ఎక్కడో చదివి తనంతట తాను మాత్ర ఆపేస్తే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు, మత్తు డాక్టరు మాట్లాడుకుని తేల్చే విషయం. రోగి చేయాల్సిందల్లా వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని రావడమే. "తెల్ల మాత్ర ఒకటి, ఎర్రది ఒకటి" అంటే మాకేం తెలుస్తుంది?

పారావెర్టిబ్రల్: నా ఓటు దీనికే

నరం వెన్ను నుంచి బయటికి వచ్చిన వెంటనే పూస పక్కన ముక్కోణపు ఖాళీ ఒకటి ఉంటుంది. ముందు ఊపిరితిత్తి పైపొర, వెనక లిగమెంటు, లోపలి పక్క పూస. అందులో మందు వదిలితే ఆ పక్క నరాలు మొదట్లోనే మొద్దుబారతాయి. రెండో పక్కకు ఏమీ కాదు. కాబట్టి బీపీ అంతగా పడదు, మూత్రం ఆగడం తక్కువ. దీన్ని 1905లోనే జర్మన్ వైద్యుడు హ్యూగో సెల్‌హైమ్ మొదలుపెట్టాడు. తర్వాత మరుగునపడితే, 1979లో ఈసన్, వయాట్ అనే ఇద్దరు దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

థొరాకోటమీకి ఎపిడ్యూరల్ మేలా, పారావెర్టిబ్రల్ మేలా అన్న ప్రశ్నపై 2016లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 14 అధ్యయనాలను, దాదాపు 700 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. నొప్పి తగ్గించడంలో రెండూ సమానం. బీపీ పడటం, వాంతులు, దురద, మూత్రం ఆగడం పారావెర్టిబ్రల్‌లో తక్కువ. ప్రాణాపాయంలో, పెద్ద సమస్యల్లో తేడా కనిపించలేదు.

ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని మనం సరిగా వాడుకోవడం లేదనిపిస్తుంది. ఛాతీ తెరిచి ఉన్నప్పుడు ఆ ఖాళీ సర్జన్ కంటికి ఎదురుగానే ఉంటుంది. మూసే ముందు ఆయనే కాథెటర్ పెట్టేయొచ్చు. బయటి నుంచి సూదితో వెళ్తే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే భయం ఉంటుంది కానీ, ఛాతీ ఆపరేషన్ అయినవాళ్లకు ఆ పక్క ట్యూబు ఎలాగూ ఉంటుంది కాబట్టి గాలి చేరినా బయటికి వచ్చేస్తుంది. రాత్రిపూట ఒక్క సిస్టర్ పదిమందిని చూసుకునే వార్డుల్లో, బీపీ కోసం గంట గంటకూ కాపలా కాయాల్సిన పద్ధతి కంటే ఇది మేలని నా అభిప్రాయం. పుస్తకంలో సమానమైనవి వార్డులో సమానం కావు.

కొత్తగా వచ్చినవి

కెమెరాతో చిన్న రంధ్రాల్లోంచి చేసే వాట్స్ ఆపరేషన్లు పెరిగాక ఇంత లోతుకు వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చింది. రంధ్రాలు చిన్నవే కానీ నొప్పి చిన్నదని అనుకోకూడదు. పక్కటెముకల సందులో పరికరాలు తిప్పినప్పుడు నరం నలుగుతుంది, తర్వాత ట్యూబు దాన్ని ఒత్తుతూ ఉంటుంది.

2016లో కెనడా నుంచి ఫొరేరో బృందం ఎరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్‌ను ప్రకటించింది. అందరూ ఈఎస్‌పీ అంటారు. వెన్ను పక్కన నిలువుగా ఉండే కండరం కింద, పూస అడ్డకొమ్ము ఎముక మీద సూది మొన ఆనించి 20 నుంచి 30 మిల్లీలీటర్ల మందు వదులుతారు. ఎముక అడ్డుగా ఉంటుంది, వెన్నుపాము, ఊపిరితిత్తి దూరంగా ఉంటాయి. నేర్చుకోవడం సులువు. దాంతో మూడు నాలుగేళ్లలో ప్రపంచమంతా పాకింది, మెడ నుంచి నడుం దాకా ప్రతి ఆపరేషన్‌కూ దీన్నే వాడిచూశారు. ఇబ్బందేమిటంటే, వీపుకు వెళ్లే చిన్న కొమ్మకు మందు చేరడం ఖాయం కానీ, ముందుకు వెళ్లే పెద్ద కొమ్మ దాకా అన్నిసార్లూ చేరదు. మృతదేహాల్లో రంగునీరు ఎక్కించి చూసినప్పుడు ఒక్కొక్కరిలో ఒక్కోలా పాకింది. ఒకరికి అద్భుతంగా పనిచేసి, పక్క మంచం మనిషికి అంతంతమాత్రం కావడానికి ఇదో కారణం. అలాగని తీసిపారేసేదీ కాదు. ఏమీ ఇవ్వకపోవడం కంటే స్పష్టంగా మేలు. నొప్పి నివారణ పద్ధతులను ఆపరేషన్ వారీగా పరిశీలించే ప్రాస్పెక్ట్ అనే నిపుణుల బృందం 2022లో వాట్స్‌కు పారావెర్టిబ్రల్ లేదా ఈఎస్‌పీని మొదటి వరుసలో, సెరేటస్‌ను రెండో వరుసలో పెట్టింది.

సెరేటస్ బ్లాక్ 2013లో బ్లాంకో బృందం చెప్పినది. చంక కింద, ఐదో పక్కటెముక దగ్గర, సెరేటస్ కండరం పైనో కిందో మందు వదులుతారు. పక్కకు వెళ్లే కొమ్మలు మొద్దుబారతాయి. వెల్లకిలా పడుకుని ఉండగానే ఇవ్వొచ్చు. బండి మీద నుంచి పడి పక్కటెముకలు విరిగినవాళ్లకు, కూర్చోబెట్టలేని స్థితిలో ఇది బాగా అక్కరకొస్తుంది. కానీ కోత వీపు వైపు సాగితే ఆ భాగానికి ఇది అందదు, రొమ్ముఎముక దాకానూ రాదు.

సర్జన్ లోపలి నుంచే ఒక్కో పక్కటెముక కింద ఒక్కో సూది వేసే పాత ఇంటర్‌కాస్టల్ బ్లాక్ కూడా ఉంది. త్వరగా అయిపోతుంది, కానీ కొన్ని గంటలే ఉంటుంది. పైగా మిగతా చోట్ల వేసే బ్లాకులకన్నా ఇక్కడ ఇచ్చిన మందే రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. నరాన్ని చలితో గడ్డకట్టించే క్రయో పద్ధతిలో నరం లోపలి పోగు చచ్చి, పైతొడుగు మిగిలి, రోజుకు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చొప్పున మళ్లీ పెరుగుతుంది. కొన్ని వారాల నుంచి నెలల దాకా మొద్దుబారి ఉంటుంది. యంత్రం ఖరీదు చూస్తే మన ఊళ్లకు ఇప్పట్లో విరివిగా వచ్చేలా లేదు.

అల్ట్రాసౌండ్ గురించి ఒక మాట. ఈ కొత్త బ్లాకులన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మన దేశంలో లింగనిర్ధారణ నిరోధానికి 1994లో తెచ్చిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ రిజిస్టర్ చేయాలి. నరం వెతకడానికి తెచ్చుకున్నదైనా అంతే. మూడు నాలుగు నర్సింగ్ హోముల్లో తిరుగుతూ మత్తు ఇచ్చే డాక్టర్లు చిత్తూరు, తిరుపతిలో ఎందరో ఉన్నారు. యంత్రాన్ని సంచిలో పెట్టుకుని వాళ్ల వెంట తీసుకెళ్లడం కుదరదు. చట్టం ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే ఏ ఆసుపత్రిలో ఏ బ్లాక్ దొరుకుతుందన్నది ఇలాంటి వాటిని బట్టి కూడా తేలుతుంది.

బైపాస్ అయినవాళ్ల సంగతి వేరు

గుండె ఆపరేషన్లకు తిరుపతి కొత్త కాదు. 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిన్నపిల్లల గుండె కోసం టీటీడీ 2021లో తెరిచిన పద్మావతి హృదయాలయం ఉంది. చిత్తూరు నుంచి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న వేలూరుకు వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం రొమ్ముఎముకను నిలువుగా కోసి చేస్తారు. కోత సరిగ్గా మధ్యలో, అంటే రెండు పక్కల నరాలూ ముగిసేచోట. గుండె, ఊపిరితిత్తుల పనిని చేసే యంత్రం మీద పెట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూర్తి మోతాదు ఇస్తారు. వెన్నులో రక్తం గడ్డ భయం వల్ల చాలామంది ఎపిడ్యూరల్ జోలికి పోరు.

అక్కడ పనికొచ్చేవి పారాస్టెర్నల్ బ్లాకులు. రొమ్ముఎముకకు రెండు పక్కలా, పక్కటెముకల మధ్య నుంచి నరం పైకి వచ్చేచోట మందు వదులుతారు. మధ్య కోతకు బాగా పట్టుతుంది. కానీ రొమ్ముఎముక కింద పొట్ట పైభాగంలోంచి బయటికి వచ్చే ట్యూబుల నొప్పి దీని పరిధిలో ఉండదు. కాలి నుంచి రక్తనాళం తీసినచోట నొప్పికీ దీనికీ సంబంధమే లేదు. "సూది ఇచ్చినారు గదా, మళ్లా కాలు ఎందుకు నొస్తా ఉండాది?" అని అడిగితే జవాబు ఇదే.

ఇక్కడో లెక్క చెప్పాలి. బుపివకైన్ మోతాదు సుమారు కిలోకు 2 మిల్లీగ్రాముల లోపు ఉంచుతారు. 45 కిలోల బరువున్న ఆడమనిషికి 90 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందులో ఒక్కో మిల్లీలీటర్‌లో 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 36 మిల్లీలీటర్లతో హద్దు. రెండు పక్కలా ఇరవై ఇరవై ఇస్తే దాటిపోయినట్టే. మందు పలచన చేయాలి, లేదా తగ్గించాలి. 70 కిలోల మనుషుల మీద రాసిన మోతాదులు, సన్నగా ఉండే మన పల్లె జనానికి అలాగే దింపితే ప్రమాదం. రక్తంలో మందు ఎక్కువైతే నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో గుయ్‌మనే శబ్దం మొదలై, ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. దానికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు కలిపిన ద్రావణం), మొదటి మోతాదు కిలోకు 1.5 మిల్లీలీటర్లు. బ్లాకులు చేసే ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో అది చేతికందేలా ఉండాలి.

సూది దిగిపోయే గంట

ఒక్కసారి ఇచ్చే బ్లాక్ సుమారు ఎనిమిది నుంచి పదహారు గంటలు ఉంటుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు ఇస్తే అర్ధరాత్రి తర్వాత ఎప్పుడో దిగుతుంది. సరిగ్గా మనుషులు తక్కువుండే వేళ. అప్పటిదాకా నొప్పి లేదని మాత్రలు వద్దన్న మనిషికి ఒక్కసారిగా నొప్పి ఎత్తుకుంటుంది. దీన్ని తప్పించడం కష్టమేమీ కాదు. నొప్పి ఉన్నా లేకున్నా పారాసెటమాల్ వేళ ప్రకారం పడుతూ ఉండాలి. పెద్దవాళ్లకు సాధారణంగా ఆరు గంటలకోసారి ఒక గ్రాము, బరువు తక్కువైనా కాలేయం దెబ్బతిన్నా తగ్గిస్తారు. కిడ్నీలు బాగుంటే వాపు తగ్గించే మందు ఒకటి తోడవుతుంది. బైపాస్ అయినవాళ్లకు మాత్రం ఈ రెండో రకం పనికిరాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇంటికి పోయాక నొప్పి అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఈ రకానికే చెందిన డైక్లో సూది వేయించుకునే అలవాటు ఉంది మనకు. బైపాస్ మనిషి ఆ పని చేయకూడదు.

నొప్పి తగ్గిన గంటల్లో ఏం చేశారన్నదే లెక్క. మంచం పక్కన మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. చాలామంది దాన్ని బుడగలా ఊదుతుంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. నోటితో నెమ్మదిగా లోపలికి లాగి, బంతులు పైకి లేచాక రెండు మూడు సెకన్లు ఆపాలి. కోత మీద దిండు అదిమిపట్టి దగ్గాలి. బ్లాక్ బాగా పట్టిన మనిషి ఇది చేయకుండా హాయిగా నిద్రపోతే, అంత ఖర్చు, అంత శ్రమ సగం వృథా.

మిగిలిపోయే నొప్పులు

ఎపిడ్యూరల్ అద్భుతంగా పట్టినా "భుజం పీకేస్తా ఉండాది" అనేవాళ్లు ఉంటారు. కోత పక్కటెముకల్లో, నొప్పి భుజంలో. ఇంట్లోవాళ్లు ఆపరేషన్ బల్ల మీద చెయ్యి మెలిపెట్టారేమో అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం అది కాదు. ఊపిరి తీయించే కండరపు పొర డయాఫ్రమ్‌ను, గుండె చుట్టుపొరను అంటిపెట్టుకున్న ఫ్రెనిక్ నరం మెడలోని మూడు, నాలుగు, ఐదు స్థాయిల నుంచి వస్తుంది. భుజం చర్మం నుంచి వచ్చే కబురు కూడా వెన్నులో అక్కడికే చేరుతుంది. లోపల ట్యూబు గీసుకున్నా మెదడు భుజం నొప్పిగా లెక్కగడుతుంది. ఛాతీ స్థాయిలో వేసిన ఏ బ్లాకూ మెడ నుంచి వచ్చే ఆ నరాన్ని ఆపదు. మాత్రలతోనే తగ్గించాలి, ట్యూబు తీశాక చాలావరకు తగ్గుతుంది.

అంతకన్నా మొండిది నెలల తరబడి మిగిలేది. కోత మానిపోయి, ఎక్స్‌రే బాగుండి, రెండు నెలలు దాటాక కూడా ఆ గీత వెంట నొప్పి ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. థొరాకోటమీ తర్వాత ఇది నూటికి ముప్పై నుంచి యాభై మందిలో ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. అందరికీ తీవ్రంగా ఉండదు. పక్కటెముకలు వెడల్పు చేసేటప్పుడు నరం నలగడం ముఖ్య కారణం. మొదటి రోజుల్లో నొప్పిని బ్లాకులతో బాగా అదుపులో ఉంచితే ఈ ముప్పు కొంత తగ్గుతుందని ఆధారాలు ఉన్నాయి, పూర్తిగా పోతుందని కాదు.

ఈ నొప్పి తీరు కూడా వేరు. మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు. చొక్కా రాసుకున్నా, బ్రా పట్టీ తగిలినా ఓర్చుకోలేకపోవడం. భాకరాపేట ఘాట్‌లో బస్సు కుదుపుకు పక్కలు పట్టుకుని కూర్చునేవాళ్లలో కొందరిది ఇదే. చాలామంది "ఆపరేషన్ అయ్యాక ఇంతేనేమో" అనుకుని చెకప్‌లో అసలు చెప్పరు, చెకప్‌లో డాక్టరూ ఎక్స్‌రే చూసి పంపేస్తాడు. చెప్పాలి, చెప్పేటప్పుడు నొప్పి అని మాత్రమే కాకుండా మంటా, తిమ్మిరా, గుడ్డ తగిలితే భరించలేకపోతున్నారా అన్నది విడమరచాలి. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. గబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి తక్కువ మోతాదులో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, గుణం తెలియడానికి వారాలు పట్టొచ్చు. వాటికీ లొంగకపోతే ఆ నరం దగ్గరే మళ్లీ సూదితో మందు ఇచ్చి చూస్తారు. ఈఎస్‌పీని 2016లో మొట్టమొదట వాడింది ఛాతీలోని ఇలాంటి నరాల నొప్పికే. ఆపరేషన్ నొప్పులకు అది తర్వాత పాకింది.